ఒక్క జీతం, మూడు నెలలు

జూన్ 4

వదినగారూ,

కవరు మీద నా రాత చూసి గుండె మీద చెయ్యి వేసుకుని ఉంటారు. తీసెయ్యండి. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో ఫోను తీయించేశాం, అందుకని ఉత్తరం రాస్తున్నాను, అంతే.

సూటిగా చెప్తాను. నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మీ మాట సాయంతో దొరికిన ఉద్యోగమే, మర్చిపోలేదు. కానీ పన్నెండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో కాలర్లే కుడుతున్నాను. నా ఎడమ పక్కనావిడ చేతులు కుడుతుంది, కుడి పక్కనావిడ జేబులు. చొక్కా పూర్తయ్యేసరికి అది ఏ మూల ఉంటుందో, ఎవరు తొడుక్కుంటారో మాలో ఎవరికీ తెలియదు. మా వీధి చివర మందుల షాపు పక్కన ఒక గది ఖాళీ అయింది. వీధి వైపు ఇంత పెద్ద కిటికీ. అక్కడ నా మిషను వేసుకుని, మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలిచి, మొదటి నుంచి చివరి దాకా నా చేత్తోనే కుట్టాలని ఉంది. సెప్టెంబరు మొదటి వారం దాకా ఎవరికీ ఇవ్వనని గది ఓనరమ్మ మాటిచ్చింది.

మీ తమ్ముడు సరే అనలేదు, వద్దనీ అనలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "దుకాణం పెట్టిన కొత్తలో పైసా రాదు. నా ఒక్క జీతంతో మూడు నెలలు ఇల్లు నడిపి చూపించు. నీ జీతం ముట్టుకోకూడదు, అప్పు చెయ్యకూడదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. నెగ్గావంటే ఆ గది తాళం నేనే తెచ్చిస్తా" అన్నారు. బస్సు డ్రైవరు కదా, షరతులన్నీ ఒక్క బ్రేకు కూడా వెయ్యకుండా చెప్పారు. నేను సరేనన్నాను. అన్నాక భయం పట్టుకుంది.

మన చుట్టాలందరిలో పొదుపంటే మీరే. మీ ఇంట్లో అగ్గిపుల్ల కూడా రెండుసార్లు వెలుగుతుందని మీ తమ్ముడు అంటారు. ఆ మాట నాది కాదు, నన్నేమీ అనుకోకండి. హాస్టల్లో అంతమందికి వండి వార్చే మీకు మా ఇద్దరి వంటిల్లు ఒక లెక్కా? ఎక్కడ కారిపోతోందో, ఎక్కడ బిగించాలో రాయండి.

మీ మరదలు

జూన్ 12

అమ్మాయీ,

అగ్గిపుల్ల మాట వాడిదేనని నాకు తెలుసు. ఆ నోటికి చిన్నప్పటి నుంచీ తలుపు లేదు.

రాసుకో. గిన్నె అడుగు దాటి పక్కలకి ఎగబాకే మంట గిన్నెకి కాదు, గోడకి. మంట తగ్గించి మూత పెట్టు. శనగల్లాంటివి రాత్రి నానబెట్టు. పొద్దున బాగా మరిగించి, గిన్నె దించి, మూతతో సహా మందపాటి దుప్పట్లో చుట్టి ఏదైనా పెట్టెలో పెట్టి మూసెయ్యి. మధ్యలో తెరిచి చూడకు, నీకా ఓపిక లేదని తెలుసు. దాని వేడికే అది ఉడుకుతుంది. తినేముందు ఇంకోసారి మరిగిస్తే చాలు. కొత్త సబ్బు రాగానే కాగితం విప్పి గాలికి పెట్టు, ఎండిన సబ్బు తొందరగా అరగదు. బజారుకి కడుపు నింపుకుని వెళ్ళు, ఆకలితో వెళ్తే చెయ్యి కాదు, కళ్ళు కొంటాయి. మిగిలిన కూర ఫ్రిజ్‌లో ముందు వరసలో పెట్టు. వెనక్కి తోసింది చెత్తబుట్టకి తోసినట్టే. బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు బాత్రూం కడగడానికి వాడు.

ఇక అసలు సంగతి. నేను నీకన్నా పదేళ్ళు ముందు పుట్టాను. నెల తిరిగేసరికి చేతిలో పడే జీతాన్ని కిటికీ కోసం ఎవరైనా వదులుకుంటారా? ఫోను తీయించామంటున్నావు, ఒక్క జీతమంటున్నావు. ఆ ఒక్క జీతం వాడిదని రాశావు. నాకెందుకో అది నీదేననిపిస్తోంది. వాడి ఉద్యోగానికి ఏమైనా అయిందా? పలక పగలగొట్టి పిల్లి మీద చెప్పిన రకం వాడు. మొగుణ్ణి వెనకేసుకు రావడం మంచిదే గానీ, తోడబుట్టినదాని దగ్గర దాపరికం దేనికి?

మీ వదిన

జూన్ 29

వదినగారూ,

మీ తమ్ముడి ఉద్యోగం భేషుగ్గా ఉంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్తున్నారు, సాయంత్రం దిగి వస్తున్నారు. మీరు నిశ్చింతగా పడుకోండి.

శనగల సంగతి చెప్పాలి. మీ తమ్ముడి ట్రంకు పెట్టె ఖాళీ చేసి, దుప్పట్లో గిన్నె చుట్టి అందులో పెట్టాను. ఆ రోజు ఆయనకి తెల్లవారుజాము డ్యూటీ. మధ్యాహ్నం వచ్చి కాసేపు నడుం వాలుద్దామని దుప్పటి కోసం ఇల్లంతా వెతికారు.

"నా దుప్పటేదీ?"

"శనగలు కప్పుకున్నాయి."

"వాటికి చలేస్తోందా?"

"ముట్టుకోకండి, వదినగారి ఆర్డరు."

మీ పేరు వినగానే నోరు మూసుకుని చాప మీద పడుకున్నారు. సాయంత్రం పెట్టె తెరిచి ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలిగింది. మళ్ళీ మరిగించి వడ్డించాను. ఆయన రెండోసారి పెట్టించుకున్నారు. ఆ మనిషి దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

వచ్చిన చిక్కేమిటంటే ఇప్పుడు ఆయనకే పొదుపు పిచ్చి పట్టింది. నేను గదిలో ఉండగానే లైటు ఆర్పేస్తున్నారు. డిపోలో క్యాంటీను మానేసి డబ్బా తీసుకెళ్తున్నారు. ఊరికే ఉతికితే యూనిఫాం చొక్కా అరిగిపోతుందని, అన్నం తినేటప్పుడు విప్పి మడతపెట్టి, బనియనుతో డిపో గేటు బయట బెంచీ మీద కూర్చుని తింటున్నారట. ఆ బనియనుకి వీపు మీద చిల్లు. మార్చుకోండి అంటే "చొక్కా కింద ఎవరు చూస్తారు" అంటారు, ఆ చొక్కానే విప్పుతున్నానని మర్చిపోయి.

ఒక్క చోట మాత్రం చతికిలపడ్డాను. క్షవరం ఖర్చు మిగులుద్దామని ఆయన జుట్టు నేనే కత్తిరించాను. గుడ్డ కత్తిరించే చెయ్యి కదా, ఇదెంత అనుకున్నాను. గుడ్డ కదలదు, మనిషి కదులుతాడు. తల నిండా మెట్లు పడ్డాయి. పాపం వారం నుంచి అద్దం వైపు చూడటం లేదు.

మొదటి నెల మాత్రం గట్టెక్కింది. నా జీతం కవరు విప్పకుండా అలాగే ఉంది.

మీ మరదలు

జులై 9

అమ్మాయీ,

ఇంక దాచకు. మా వీధిలో చెప్పుల షాపాయన సరుకు కోసం మీ ఊరొచ్చాడు. వచ్చి చెప్పాడు. పట్టపగలు డిపో గేటు బయట, లోపలికి రానివ్వనట్టు, మా తమ్ముడు బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడట. ఒంటి మీద చొక్కా లేదట. బనియనుకి చిల్లట. జుట్టు ఎలకలు కొరికినట్టుందట. ఒళ్ళో డబ్బా పెట్టుకుని గేటు వైపే చూస్తూ తింటున్నాడట. పలకరిస్తే ఏం బాధపడతాడోనని తల తిప్పుకుని వచ్చేశానన్నాడు. ఆ రోజు నాకు హాస్టల్ వంటింట్లో ఉప్పు వేశానో లేదో తెలియలేదు. వేశానట, రెండుసార్లు.

నువ్వు రాసినవి మళ్ళీ చదివాను. క్యాంటీను మానేశాడు, చాప మీద పడుకుంటున్నాడు, చొక్కా విప్పి కూర్చుంటున్నాడు. నిజాన్నే కొంచెం వంకరగా రాసి పంపావని ఇప్పుడు అర్థమైంది. నీ మంచితనం నాకు తెలుసు తల్లీ. ఒక్క చేత్తో ఎంతకని లాగుతావు?

బియ్యం, నూనె, సబ్బులు, వాడికి రెండు కొత్త బనియన్లు బస్సు పార్సిల్లో వేశాను. సిగ్గుపడకుండా వాడుకోండి. ఇంకొకటి కూడా చేశాను. అది ఫలిస్తే మీకే తెలుస్తుంది.

మీ వదిన

జులై 21

వదినగారూ,

ఫలించింది. ఎలా ఫలించిందో చెప్తాను, కూర్చుని చదవండి.

సోమవారం డిపో మేనేజరు మీ తమ్ముణ్ణి గదిలోకి పిలిచారు. బస్సుకేమైనా గీత పడిందేమోనని ఈయన భయపడుతూ వెళ్ళారు. మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని మీ అర్జీ చదవడం మొదలుపెట్టారు. "నా తమ్ముడు ఏదైనా తప్పు చేసి ఉంటే చిన్నపిల్లాడనుకుని క్షమించి మళ్ళీ పనిలోకి తీసుకోగలరు. మా మరదలు ఎంత చక్కగా కుట్టినా ఒక్కతే ఇల్లు ఎన్నాళ్ళని లాగుతుంది?" ఎదురుగా చూస్తే నలభై దాటిన చిన్నపిల్లాడు, యూనిఫాంలో, చేతిలో బస్సు తాళాలతో. "నిన్ను ఎప్పుడు తీసేశానయ్యా, నాకు ఎవరూ చెప్పనేలేదు" అన్నారట మేనేజరు. గుమ్మంలో మెకానిక్కులు విననే విన్నారు. ఇప్పుడు డిపో మొత్తం ఈయన్ని "చిన్నపిల్లాడు" అనే పిలుస్తోంది. బస్సు బయటకి తీస్తుంటే గేటు కాపలా ఆయన కూడా "జాగ్రత్తగా వెళ్ళిరా నాన్నా" అంటున్నాడట.

ఆయన ఇంటికొచ్చి డబ్బా విసురుగా పెట్టారు. "ఈ పరువు తక్కువ నేను పడలేను. పరీక్షా వద్దు, గదీ వద్దు. నీ ఉద్యోగం నువ్వు చేసుకో" అన్నారు.

నేను ఊరుకోలేదు. "పరీక్ష పెట్టింది మీరు. అర్జీ పెట్టింది మీ అక్క. మధ్యలో నా గది ఎందుకు పోవాలి?" అని అడిగాను. మర్నాడు పొద్దున్న మాత్రం డబ్బా పట్టుకునే వెళ్ళారు. చొక్కా విప్పడం మానేశారు.

మీరు పంపిన పార్సిల్ అటక మీదుంది. ఎవరి దగ్గరా పుచ్చుకోకూడదన్నది షరతు. బనియన్లు కూడా తియ్యలేదు, పాతదానికి నేనే మాటు వేశాను.

వదినగారూ, నాకు కోపంగా ఉంది. దాచుకోకుండా చెప్తున్నాను. నేను మొదటి ఉత్తరంలో రాసిన ప్రతి అక్షరం నిజం. మొగుడి ఉద్యోగం పోతే ఆడది కథలల్లుతుందని నమ్మారు గానీ, ఆడది తనంతట తాను ఒక దుకాణం కావాలనుకుంటుందని నమ్మలేకపోయారు. జీతాన్ని కిటికీ కోసం ఎవరైనా వదులుకుంటారా అన్నారు. నేను వదులుకుంటాను.

ఇంకో సంగతి. అన్నీ తగ్గినా కరెంటు బిల్లు తగ్గడం లేదు. ఫ్రిజ్ ఆగకుండా గురక పెడుతోంది. కోపంలో ఉన్నా సలహా అడుగుతున్నాను, ఇవ్వండి.

మీ మరదలు

జులై 30

అమ్మాయీ,

తప్పు నాదే. ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. పొదుపు గురించి ఇంకొకరికి చెప్పే అర్హత నాకింక లేదు.

నిన్ను నమ్మలేదన్నావు. నిజమే. మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి వెళ్ళింది గతిలేక. ఇష్టమై వెళ్తారని నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఇప్పుడు నిన్ను నమ్మి సలహా చెప్తున్నాను, విను.

ఫ్రిజ్ తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడు. బిగుతుగా ఉంటే తలుపు బాగున్నట్టు. జారి వచ్చేస్తే చల్లదనమంతా అక్కడి నుంచే పోతోంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు సబ్బు నీళ్ళతో శుభ్రంగా తుడువు, మడతల్లో జిడ్డు పేరుకుంటుంది. ఆరాక సన్నగా వాజిలీను రాయి. ఫ్రిజ్‌ని గోడ నుంచి జానెడు ముందుకి జరుపు, వెనక దానికీ గాలాడాలి. అప్పటికీ గురక పెడితే మెకానిక్కుని పిలువు, ముందు మాత్రం పిలవకు.

ఇంకొకటి. మూడో నెలలో ఏదో ఒకటి విరుగుతుంది, కారుతుంది, లేదా ఎవరికో పన్ను నొప్పి వస్తుంది. దాని కోసం ముందే కొంత పక్కన పెట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

డిపో మేనేజరుగారికి క్షమాపణ రాశాను. కంగారు పడకు, ఈసారి రెండే వాక్యాలు. మా తమ్ముడి ఉద్యోగం పోలేదని, మా మరదలు టైలరు దుకాణం పెట్టబోతోందని.

మీ వదిన

ఆగస్టు 31

వదినగారూ,

కాగితం జారిపోయింది. రబ్బరు తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది. మీరు చెప్పినట్టే వాజిలీను రాసి, జానెడు జరిపి మళ్ళీ కాగితం పెట్టి లాగితే చిరిగింది గానీ రాలేదు. ఆ రోజు ఫ్రిజ్ ఆగితే, ఇంట్లో ఏదో పోయినట్టు ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. ఈ నెల బిల్లు చూసి మీ తమ్ముడు మా మీటరు నంబరేనా అని రెండుసార్లు సరిచూసుకున్నారు.

మీరన్నట్టే మూడో నెలలో పన్ను నొప్పి కూడా వచ్చింది, ఆయనకే. పక్కన పెట్టిన దాంతోనే పీకించాను. పీకించుకుని వచ్చి మూగ సైగలతో ఎంతైందని అడుగుతున్నారు. పరీక్ష పెట్టిన మాస్టారు తన పంటి ఖర్చుకి నా మార్కులు తగ్గించాలని చూశారు.

ఇవాళ్టితో మూడు నెలలు నిండాయి. అప్పు లేదు. నా జీతం కవర్లు మూడూ విప్పకుండా ఆయన ముందు పెట్టాను. నెగ్గాను వదినగారూ. ఆరు నూరైనా నెగ్గుతానన్నాను, నెగ్గాను.

కానీ ఆయన ఆ కవర్లు చూసి ఏమన్నారో తెలుసా? "బాగానే ఉంది. ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు.

గది కోసం ఒక ఫొటో స్టూడియో అతను తిరుగుతున్నాడు. వచ్చే ఆదివారం దాకానే ఆగుతానని ఓనరమ్మ చెప్పేసింది. నేను అరవలేదు, ఏడవలేదు. కవర్లు తీసి బీరువాలో పెట్టాను. నెగ్గినదాన్ని నేనైతే, ఓడినట్టు ఎందుకుందో చెప్పండి.

మీ మరదలు

సెప్టెంబరు 3

అమ్మాయీ,

కింద రాసింది నీకు కాదు, వాడికి. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, రేడియో కట్టేసి, పైకి చదువు.

చిన్నోడా, చదువుతున్నది నీ పెళ్ళామే అయినా తిడుతున్నది నేను. అది గుర్తుపెట్టుకుని విను. షరతులు పెట్టింది నువ్వు. ఒక్కటి కూడా తప్పకుండా అది నెగ్గింది. నెగ్గాక గీత ఇంకొంచెం అవతలికి జరపడం చిన్నప్పుడు గోళీలాటలో చేసేవాడివి, అప్పుడూ నా చేతిలో తన్నులు తిన్నావు. నీకు భయంగా ఉంది. ఉంటే భయంగా ఉందని చెప్పు, పరీక్ష అని చెప్పకు. ఇంకో మూడు నెలలయ్యాక కూడా నీ భయం అక్కడే కూర్చుని ఉంటుంది. గది మాత్రం ఉండదు.

నేను ముప్పై ఏళ్ళుగా దాస్తున్నాను. దేనికి దాస్తున్నావని ఎవరడిగినా నా దగ్గర జవాబు లేదు. నీ పెళ్ళాం దగ్గర జవాబుంది. దానికి కిటికీ కూడా ఉంది. లేచి వెళ్ళి తాళం తే.

అయిపోయింది. ఇక్కడి నుంచి నీకు, అమ్మాయీ. వాడు లేచాడా?

మీ వదిన

అక్టోబరు 7

వదినగారూ,

లేచారు.

చదవడం పూర్తయ్యాక, "భయంగా ఉంది. నా జీతం ఒక్కటే అంటే, నాకేదైనా అయితే నీ గతేమిటని" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట భయమన్న మాట నేను వినలేదు. "మీకేదైనా అయితే నాకొక దుకాణం ఉంటుంది" అన్నాను. అప్పుడు లేచి చొక్కా తొడుక్కున్నారు. వీధి చివరి దాకా వెళ్ళి రావడానికి ఎంతసేపు కావాలి? అంతలోనే వచ్చేశారు. తాళం నా చేతిలో పెట్టి, తుప్పు పట్టింది, నూనె వెయ్యాలని మాత్రం అన్నారు.

మూడు నెలల జీతం కవర్లతో బల్ల, ఇస్త్రీ పెట్టె, దారాలు కొన్నాను. ఫ్యాక్టరీలో రాజీనామా ఇస్తే సూపర్‌వైజరు "నాలుగు రోజుల్లో తిరిగొస్తావు" అంది. రాలేదు. మొదటి రెండు వారాలు మాత్రం ఎవరూ రాలేదు వదినగారూ, అబద్ధం ఎందుకు. కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒకావిడ వచ్చి జిప్పు వేయించుకుని పోయింది. మేము శనగలు తింటూ నిబ్బరంగా ఉన్నాం. మూడు నెలలు అలవాటు పడ్డ ఇల్లు కదా, దుకాణం ఖాళీగా ఉన్నా వంటింట్లో ఎవరికీ గుండె దడ పుట్టలేదు. ఆ నిబ్బరం మీరిచ్చిందే.

నిన్న డిపోలో ఈ ఏటి యూనిఫాం గుడ్డ పంచారు. ప్రతి ఏడూ ఎవరికి వాళ్ళు బయట కుట్టించుకుంటారు. గుడ్డ చేతికిస్తూ మేనేజరుగారు మీ తమ్ముణ్ణి ఆపి, "మీ అక్కగారు రెండు అర్జీలు రాశారు. మొదటిది అబద్ధం, రెండోది నిజమేనా?" అని అడిగారట. నిజమేనని ఈయన చెప్పారు. "అయితే చిన్నపిల్లాడి ఇంటావిడ దగ్గరే కుట్టించుకోండి అందరూ" అన్నారట. పొరపాటు అర్జీ రాశానని మీరు ఇంకా బాధపడుతుంటే దయచేసి మానెయ్యండి. ఇలాంటి పొరపాట్లు ఏడాదికొకటి రాయండి.

ఇవాళ పొద్దున తలుపు తీసేసరికి డ్రైవర్లు, కండక్టర్లు, ఇద్దరు మెకానిక్కులు, గేటు కాపలా ఆయన, చంకలో గుడ్డ పెట్టుకుని మందుల షాపు దాకా వరసలో నిలబడి ఉన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టేపు మెడలో వేసుకుని, ముక్కు తుడుచుకుని మొదటాయన్ని రమ్మన్నాను. భుజం కొలిచాను, ఛాతీ కొలిచాను, చెయ్యి పొడవు కొలిచాను. ఒక్కొక్కరి చొక్కా మొత్తం నాదే.

వరసలో మీ తమ్ముడు కూడా ఉన్నారు. గుడ్డ పట్టుకుని, తల దువ్వుకుని, అందరిలాగే. "మీరెందుకు నిలబడ్డారు, ఇంట్లో కొలుస్తానుగా" అన్నాను.

"నా ముందు ఇంకా చాలామంది ఉన్నారండీ" అన్నారు.

పెళ్ళయ్యాక నన్ను 'అండీ' అనడం అదే మొదలు. వెనక మెకానిక్కులు ముసిముసిగా నవ్వుతున్నా ఆయన తల తిప్పలేదు. వంతు రాగానే వచ్చి నిటారుగా నిలబడ్డారు. కొలిచాను. కుట్టుకూలి ఎంత అని అడిగారు. అందరికీ చెప్పిందే చెప్పాను. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, వెనకాయనకి చోటిచ్చి పక్కకి జరిగారు.

మీ మరదలు,
టైలరు